పరజల వేటకు రెండు బనియన్లు

మొన్న డిసెంబరు మొదట్లో మా అక్క మనవడు నన్ను వెంటబెట్టుకుని తెనాలి బజార్లో ఒక బట్టల కొట్టుకి తీసుకెళ్ళాడు. స్నేహితులతో కలిసి హిమాలయాలకి పోతున్నాడట, అక్కడి చలికి చొక్కా లోపల ఒంటికి అంటిపెట్టుకుని ఉండే బనియన్లు కావాలట. కొట్లో అబ్బాయి రెండు రకాలు బల్ల మీద పరిచి, ఇది ఉన్నిదండి, ఇది సింథటిక్‌దండి, మీ ఇష్టం అన్నాడు. మావాడు రెండోదాన్ని చేతిలోకి తీసుకుని, "అమ్మమ్మా, పట్టుకుని చూడు, బరువే లేదు. తడిసినా ఇట్టే ఆరిపోద్దంట" అన్నాడు. ఇప్పటి సింథటిక్ ఆనాటి నైలాన్ లాంటిది కాదనీ, కొండలెక్కేవాళ్ళు ఇవే వేసుకుంటారనీ వాడు తర్వాత ఎంతో ఓపిగ్గా నచ్చజెప్పాడు. నిజమే అయివుంటుంది. నేను మాత్రం అక్కడున్న కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాను, ఎందుకంటే అవే మాటలు ఎనభైల చివర్లో మా నాన్న నోట విన్నాను, విన్న రెండో రోజే ఆయన్ని దాదాపు పోగొట్టుకున్నాను.

మాది రేపల్లె వైపు నగరం అనే ఊరి దగ్గర పల్లెటూరు. నాన్న బడిపంతులు, ఆదివారాలు గుళ్ళో పాటలు పాడించేవాడు, మిగిలిన పొద్దు పొలంలో ఉండేవాడు. పంటల మీద పడే అడవి పందుల కోసమని లైసెన్సు తీసుకున్న ఒంటిగొట్టం తుపాకి ఒకటి ఇంట్లో ఉండేది, కాని నాన్న ప్రాణమంతా పందుల మీద కాదు, శీతాకాలం రాగానే ఎక్కడినుంచో దిగివచ్చే పరజల మీద. పరజలంటే అడవి బాతులే. ఇప్పటి పిల్లలకి చెబితే దొంగతనం చేసొచ్చినవాళ్ళని చూసినట్టు చూస్తారు గాని, ఆ రోజుల్లో క్రిస్మస్ ముందు నాన్న నాలుగు పరజలు తెచ్చాడంటే వీధంతా సందడే, మా అమ్మ కూర పొయ్యి మీద పెట్టకముందే గిన్నెలు పట్టుకుని చుట్టాలు వచ్చేసేవాళ్ళు.

మన డెల్టాలో చలేమిటి, దానికి ఉన్ని బనియన్లేమిటి అని నవ్వకండి. ఆ వైపు పుట్టిన మన ఈడు వాళ్ళకి తెలుసు, ఉప్పుటేటి నీళ్ళలో మోకాలి లోతున నిలబడి, ఉత్తరపు గాలికి ముఖం పెట్టి, మంచు విచ్చేదాకా కదలకుండా కాచుకుని ఉండేవాడికి చలంటే ఏమిటో. అందులోనూ ఆ ఏడు నాన్న మలేరియాతో పడి లేచాడు. కోట్లు ఎన్ని తొడిగినా లోపలినుంచి వణుకు వస్తోందని తనే అనేవాడు.

ఆ సంగతి ఉత్తరాల వల్ల తెలుసుకుని మా చిన్నాన్న, మిలిటరీలో ఎక్కడో మంచుకొండల్లో పనిచేసేవాడు, సెలవు మీద వస్తూ అన్నగారి కోసం రెండు బనియన్లు తెచ్చాడు. ఒకటి బూడిదరంగు ఉన్నిది, దళసరిది, కలరా ఉండల వాసనా దాని వెనక గొర్రె వాసనా. రెండోది తెల్లగా మెరిసే నైలాన్‌ది. ఏది మంచిదిరా అని నాన్న అడిగితే చిన్నాన్న తేల్చి చెప్పలేకపోయాడు. "నడిచేటప్పుడు మేం నైలాన్‌దే వేసుకుంటామన్నయ్యా, చెమట ఒంటి మీద నిలవదు. నీళ్ళలో పనైతే మాత్రం ఉన్నిదే. తడిసినా ఒంటిని వదలదు" అన్నాడు. పంతులుగారు కదా, నాన్నకి పరీక్ష పెట్టందే నమ్మకం కుదరదు. రెండింటినీ బకెట్లో ముంచి పెరట్లో తీగ మీద ఆరేశాడు. మేం టిఫిన్ తినేలోగా నైలాన్‌ది గాలికి రెపరెపలాడింది, ఉన్నిది మధ్యాహ్నానికి కూడా నీళ్ళు కారుతూనే ఉంది.

"చూశావా, ఇట్టే ఆరిపోయింది. ఇంత బరువు నీళ్ళు మోసుకుంటూ బురదలో ఎవడు తిరుగుతాడు?" అన్నాడు నాన్న. ఆ మాటలో తప్పేముందో మాలో ఎవరికీ కనపడలేదు. అమ్మకి మాత్రం మనసొప్పలేదు. "మీరు వేసుకోకపోతే మానె, ఊరికే పడేస్తామా, పిల్లకన్నా తొడుగుతాను" అంది.

పిల్లంటే నేనే. బాపట్లలో చదువు ముగించి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. అక్కకి పెళ్ళయిపోయింది, అన్నదమ్ములు లేరు, దోనె నడపడం నాన్న నాకు చిన్నప్పుడే నేర్పాడు. తోడు వెళ్ళాల్సిన చిన్నాన్న పిన్నిని తీసుకురావడానికి బాపట్ల వెళ్ళడంతో ఆ తెల్లవారుజామున దోనె తోసే గెడ నా చేతికి వచ్చింది. లంగా మీద నాన్న పాత చొక్కా, దాని లోపల మోకాళ్ళ దాకా వచ్చే ఆ ఉన్ని బనియను. ఒళ్ళంతా దురద, దారి పొడుగునా గోక్కుంటూనే ఉన్నాను.

మడ అడవి మొదట్లో ఏరు చీలే చోట దోనె ఆపాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే గెడ చివర నాకే కనపడలేదు. కొంచెం వెలుగు రాగానే రెక్కల చప్పుడు వినిపించింది, నాన్న రెండుసార్లు కాల్చాడు. ఒకటి నీళ్ళలో పడింది. రెండోది దెబ్బతిని దోనె పక్కనే గట్టు మీద కొట్టుకుంటోంది. దాన్ని అలా వదలడం పాపమంటూ తుపాకి నా చేతికిచ్చి నాన్న దోనె దిగాడు. గట్టనుకున్నది గట్టు కాదు. రెండో అడుగులోనే నడుము దాకా, మూడో అడుగుకి రొమ్ము దాకా ఊబిలోకి దిగిపోయాడు.

కేక కూడా వెయ్యలేదు నాన్న. "గెడ అడ్డంగా వెయ్యి తల్లీ" అన్నాడు మెల్లగా, ఆ మెల్లదనమే నన్ను ఎక్కువ భయపెట్టింది. గెడ వేశాను, దాన్ని పొట్ట కింద పెట్టుకుని జానెడు జానెడుగా ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆయన దోనెలో పడేసరికి నాకు ఏడుపు వచ్చేసింది, గండం గడిచిందనుకున్నాను. అప్పుడు చూశాను, ఏట్లో నీళ్ళు లేవు. సముద్రం పాటు మీద ఉంది, నీరంతా వెనక్కి లాగేసింది, దోనె బురద మీద చతికిలబడింది. మళ్ళీ పోటు వచ్చి నీరు లేస్తే తప్ప కదిలే దారి లేదు, దిగి నడుద్దామంటే చుట్టూ అదే ఊబి.

తుపాకి పేల్చాను. వేటకొచ్చినవాళ్ళ తుపాకి మోత విని ఎవరు పరిగెత్తుకొస్తారు? కేకలు వేశాను, మంచు ఆ కేకల్ని నా నోటి ముందే మింగేసింది.

కోటూ చొక్కా బురదలో నాని ముద్దయ్యాయి. వాటిని తీసేసి నైలాన్ బనియను మీదే నాన్న కూర్చున్నాడు, అది ఆరిపోతుందిగా అని. అది ఆరుతూనే ఉంది, నిజమే, కాని గాలి దాన్ని ఆరబెట్టిన ప్రతిసారీ ఆయన ఒంట్లో వేడిని కూడా పట్టుకుపోయింది. మొదట పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. తర్వాత వణుకు ఆగింది. హమ్మయ్య, తేరుకున్నాడనుకున్నాను. ఆయన పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. "ఉక్కపోస్తోందమ్మా" అంటూ ఆ బనియను కూడా లాగెయ్యబోయాడు.

అంత చలిలో మనిషి ఉక్కపోస్తోందనడం విన్నారా ఎప్పుడైనా?

వెనక్కి తిరిగి, చొక్కా అలాగే ఉంచుకుని లోపలి ఉన్ని బనియను ఊడదీశాను. ఆయన ఒంటి మీది నైలాన్‌ని చించినట్టే లాగేసి, తడి ఒంటికి అతుక్కుంటున్నా దీన్ని తలమీంచి దింపాను, దోనె అడుగున పరిచిన తడిక తీసి గాలికి అడ్డం పెట్టి, ఆయన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నా ఒంటి వేడి ఇంకా ఆ ఉన్నిలోనే ఉంది, అదొక్కటే ధైర్యం. దేవుడికి ఏమి మొక్కుకున్నానో గుర్తులేదు, పాటల్లో ఒక్క చరణమూ నోటికి రాలేదు.

చాలాసేపటికి దోనె కింద గలగలమని చప్పుడైంది. పోటు వస్తోంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది, నాన్న మాత్రం ఆ చప్పుడికి ఉలిక్కిపడి లేచాడు. నా వంక చూశాడు గాని చూస్తున్నది నన్ను కాదు.

"చెల్లాయ్, నీళ్ళొస్తున్నయ్యే! చెట్టెక్కు, చెట్టెక్కు!"

మా మేనత్త పెద్ద ఉప్పెనలో పోయింది. నాన్న చెయ్యి పట్టుకుని ఉండగానే పోయిందని అమ్మ చెప్పేది, నాన్న మాత్రం ఆ సంగతి ఏనాడూ ఎత్తలేదు. ఇప్పుడు నా మణికట్టు ఎముక విరిగేట్టు పట్టుకుని, పక్కనున్న మడచెట్టు మీదికి నన్ను ఎక్కించడానికి దోనెలోంచి దూకబోతున్నాడు. నాన్నా నేను, నేను అని అరిచిన కొద్దీ ఆయన భయం ఎక్కువైంది. దూకితే ఇద్దరం ఊబిలోకే. నాకెలా తోచిందో ఇప్పటికీ తెలియదు, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అన్నాను: "ఎక్కానన్నయ్యా. పైన ఉన్నాను, నాకేం కాలేదు. నువ్వు కూర్చో."

నాన్న కూర్చున్నాడు. "గట్టిగా పట్టుకో" అన్నాడు. పట్టుకున్నానన్నాను. చంటిపిల్లాడిలా నా ఒళ్ళో తలపెట్టుకున్నాడు. కాసేపటికి మళ్ళీ వణుకు మొదలైంది, అది ఒంట్లోకి వేడి తిరిగొస్తున్న గుర్తని నాకు అప్పుడు తెలియదు.

దోనె తేలింది. గెడ వేస్తూ, అరుస్తూ, ఎటు పోతున్నానో తెలియకుండానే పోతుంటే మంచులోంచి ఒక ఆడగొంతు, "ఎవరమ్మా అదీ? ఏంటా కేకలు?" అని పలికింది. వలలు సర్దుకోవడానికి వచ్చిన ఒక జాలరి పెద్దమ్మ. ఆవిడా ఆవిడ భర్తా కలిసి నాన్నని గుడిసెలోకి మోసి, పొయ్యి పక్కన దుప్పట్లలో చుట్టి, చెంచాతో వేడి గంజి పోశారు. ఎండ బాగా ఎక్కాక ఆయన కళ్ళు తెరిచి నన్ను చూసి, "అమ్మాయీ, నా బట్టలేవి? ఈ బనియను నీదిగా?" అన్నాడు. నేను అప్పుడు ఏడ్చిన ఏడుపు మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు.

రేపల్లె ఆసుపత్రిలో డాక్టరుగారు ఇంకొంచెం ఆలస్యమైతే గుండె ఆగిపోయేదన్నారు. నాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. దోనెలో తను ఏమన్నాడో గుర్తుందో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తుపాకిని పోలీసు స్టేషన్లో అప్పగించేశాడు. కాని డిసెంబరు రాగానే తెల్లవారకుండానే లేచి, ఒట్టి చేతులతో పొలంగట్టు మీద నిలబడి ఆకాశం వంక చూసేవాడు. పరజల గుంపు పోతే ఇంట్లోకి వచ్చి అమ్మకి చెప్పేవాడు, పై ఊరినుంచి అయినవాళ్ళెవరో వచ్చారన్నంత సంతోషంగా.

తొంభైలలో ఆ వైపంతా రొయ్యల చెరువులు తవ్వారు. ఆ మధ్య తెనాలి నుంచి భట్టిప్రోలు మీదుగా బస్సులో వెళ్ళి, ఆటో మాట్లాడుకుని ఏటి దాకా వెళ్ళాను. మడచెట్లు చాలావరకు పోయాయి, మేం చిక్కుకున్న చోటు ఏదో పోల్చుకోలేకపోయాను. చెరువుగట్ల మీద కుర్రాళ్ళు కూర్చుని రేకు డబ్బాలు వాయిస్తున్నారు, మధ్యమధ్య టపాకాయ పేలుస్తున్నారు. ఎందుకు బాబూ అని అడిగితే, రొయ్యల మీద పరజలూ పిట్టలూ వాలకుండానండి అన్నారు. మా నాన్న వాటిని చంపాడు, కాదనను. కాని అవి రావాలని ఏడాది పొడుగునా ఎదురుచూశాడు. ఇప్పుడు వాటిని ఎవరూ చంపడం లేదు, రావాలని కోరుకునేవాళ్ళూ ఆ గట్ల మీద ఎవరూ లేరు.