కామాఠి అన్న పేరు

మొన్న వర్లిలో టాక్సీ ఎక్కాం, నేనూ కాలేజీలో చదివే నా మనవరాలూ. ఎక్కడికని డ్రైవరు అడిగితే, నేను నోరు తెరిచేలోగా పిల్ల "నాగ్‌పాడా" అనేసింది. అది పక్క పేట, మా ఇల్లు కామాఠిపురాలో. ఆ పేరు చెబితే డ్రైవర్లు అద్దంలోంచి అదోలా చూస్తారు. ఆ చూపు నాకూ తెలుసు. అయినా ఒళ్ళు మండింది. మా మేనత్త గుర్తొచ్చింది.

పాలమూరు నుంచి కట్టుబడి పనులకు వచ్చిన మావాళ్ళను ఈ ఊరు కామాఠీలంది. మేమున్న చోటు కామాఠిపురా అయింది. ఆ తర్వాత పక్క గల్లీల్లో సాగిన పడుపు వ్యాపారం పేరునంతా మింగేసింది. ఆ ఆడవాళ్ళను మా అత్త ఏనాడూ ఒక్క మాట అనలేదు, పేరు విని నవ్వే మగవాళ్ళనే తిట్టేది. ఇంతకీ ఆ మాట ఎక్కడ పుట్టిందన్నది గదికో కుటుంబం చొప్పున బతికే మా చాల్‌లో తేలని పంచాయితీ. మరాఠీ బడిలో చదివిన మా బాబాయి, 'కామ్' అంటే పని గనుక అందులోంచే వచ్చిందనేవాడు. తాత ఒప్పుకునేవాడు కాదు. కమతం మనది, కమతగాడు మనవాడు, ఆ మాట మన మూటల్లోనే వచ్చిందనేవాడు. ఎవరిది నిజమో నాకిప్పటికీ తెలియదు. ఇద్దరి చాయ్ మాత్రం చల్లారిపోయేది.

అసలు గొడవ అత్త కూతురి పెళ్ళిలో వచ్చింది. అబ్బాయివాళ్ళది వర్లి చాల్, మన తెలుగువాళ్ళే. పెళ్ళికొడుకును పొలిమేరలో ఎదుర్కొని, కాళ్ళకు నీళ్ళిచ్చి తీసుకురావడం మా పద్ధతి. ఇక్కడ మాకు గల్లీ మొగదలే పొలిమేర. చుట్టాలు నవ్వుతారు, ఆ ఎదుర్కోలు ఏదో నాగ్‌పాడాలో పెట్టుకోండని అబ్బాయి తండ్రి కబురు పంపాడు. అత్త వినలేదు. పెళ్ళిరోజు నీళ్ళ బిందెతో మా గల్లీ మొగదల్లోనే నిలబడింది. వాళ్ళ బండ్లు నాగ్‌పాడాలో ఆగిపోయాయి. ముహూర్తం ముంచుకొస్తోంది. లోపల పసుపుబట్టల్లో వదిన కళ్ళు తుడుచుకుంటోంది. సంబంధం తప్పిపోయినట్టేనని అందరం అనుకున్నాం. చివరికి అబ్బాయి తండ్రి నడిచొచ్చి, ఆ పేరున్న గల్లీలో అడుగుపెట్టేది లేదన్నాడు.

అత్త గొంతు పెంచలేదు. "మీ అయ్యను ఈ ఊళ్ళె ఏమని పిలిచిండ్రన్నా? కామాఠి అనే గదా. ఆ పేరు మీదనే మిమ్ముల సాకిండు. నవ్వెటోళ్ళ ఇండ్ల గోడలు గూడ మనమే లేపినం. నవ్వనియ్యి."

అంతలో వెనకనుంచి పెళ్ళికొడుకు బాసింగంతోనే వచ్చి, చెప్పులు విడిచి అత్త ముందు నిలబడ్డాడు. అత్త అతని కాళ్ళ మీద నీళ్ళు పోసింది. అది చూసి తండ్రీ చెప్పులు విడిచాడు. బిందె ఖాళీ అయ్యేదాకా అత్త ఆయన కాళ్ళ మీదా నీళ్ళు పోసింది.

"నాగ్‌పాడా కాదు, కామాఠిపురా" అన్నాను డ్రైవరుతో. అద్దంలోంచి చూశాడు. నేనూ చూశాను. అతనే చూపు తిప్పుకున్నాడు. దారి పొడుగునా పిల్లకు ఈ కథే చెప్పాను. మా చాల్‌ను రేపోమాపో కూలగొడతారట. కూలగొట్టనీ. ఎవరు కట్టిన గోడలనైనా కాలం పడగొడుతుంది, కట్టినవాళ్ళ పేరు మాత్రం మన నోటితో మనం మింగేస్తేనే పోతుంది.