ఆసామికి ఇంగ్లీషు మాట

సిరిసిల్ల విఠల్ ఇంగ్లీషు ఏ బడిల నేర్చుకోలేదు. పదిహేడేండ్ల వయసుల భీవండికి బతుకపోయిండు. అక్కడ పగలంత సాంచెలు నడిపి, బట్టల మూటల మీద అంటించిన చీటీలు చదువుకుంట ఒక్కొక్క అక్షరం కూడవెట్టుకున్నడు. మరమగ్గాలను సిరిసిల్లల సాంచెలంటరు. తర్వాత పాత పుస్తకాల బండి మీద ఒక డిక్షనరీ దొరికింది. దానికి ఎస్ తర్వాత పేజీలు లేవు. "అందుకే టీ నుంచి నా ఇంగ్లీషు జర పల్చగ ఉంటది" అని నవ్వుతడు.

ఊరికి తిరిగొచ్చి మళ్లీ సాంచెల మీదనే కూలికి కుదిరిండు. పొద్దుమీకినంక ఇంటి అరుగు మీద అర్జీలు రాస్తడు. బ్యాంకోళ్లకు, వకీళ్లకు, దుబాయ్ కంపెనీలకు. ఛాయ్ తప్ప ఏం ముట్టడు. ఒక్క మాట కుదరకపోతే మాత్రం అర్జీ రెండు రోజులు ఆగుతది. ఒకసారి "అలుగుడు" అన్న మాట కాడ ఆగిపోయిండట. "కోపం అని రాస్తే తప్పయితది. అలిగినోడు ఎవలన్న వచ్చి బతిమాలుతరని చూస్తుంటడు. కోపమున్నోడు చూడడు" అని నాకు చెప్పిండు.

ఇట్లాంటి ముచ్చట్లు ఆయన అడగకున్నా చెప్తడు. సత్యవ్వ ముచ్చట మాత్రం మూడుసార్లు అడిగితే గాని చెప్పలేదు. అండ్ల తప్పు తనదే మరి.

అది సకల జనుల సమ్మె ఏడాది. బొగ్గు బావులు బందయి కరెంటు పొద్దున రెండు గంటలు, మాపటికి రెండు గంటలు వస్తున్నది. సాంచెలు నడువక ఇండ్లల్ల పొయ్యిలు సల్లబడ్డయి. గప్పుడే నేత కుటుంబాలను చూసిపోను బయటి రాష్ట్రం నుంచి ఒక సర్వే మేడం వచ్చింది. ఆమె పేదోళ్లని రాసుకున్నోళ్లకు నెలనెలా బియ్యం వచ్చే కార్డు ఇస్తరు. ఆమెకు తెలుగు రాదు. ఇంగ్లీషు తెలిసినోడని నేత సంఘపోళ్లు విఠల్‌ను వెంట తోలిండ్రు. విఠల్ ఆనాడు ఇస్త్రీ అంగీ వేసుకున్నడు.

రెండో గల్లీల సత్యవ్వ షెడ్డు. నాలుగు సాంచెలు. మొగడు మూడేండ్ల కింద పోతే తనే నడుపుకుంటున్నది. "ఈమె ఏం పని చేస్తది?" అని మేడం అడిగింది. సత్యవ్వ "ఆసామిని" అన్నది. విఠల్ ఆలోచించకుంటనే "ఓనర్" అన్నడు. మేడం రాసుకున్నది. పక్కింటికి నడిచిండ్రు.

వారం దినాలకు సంఘం ఆఫీసు గోడకు పేర్లు అంటించిండ్రు. సత్యవ్వ పేరు లేదు. సక్కగ విఠల్ అరుగు కాడికొచ్చింది.

"విఠలన్నా, ఆనాడు నన్ను ఇంగ్లీషుల ఏమన్నవే?"

"ఓనర్ అన్న."

"అంటే?"

"యజమాని."

"నేనా యజమానిని? యజమాని ఇంటి ముంగట నూలు కోసం పొద్దుగూకులు నిలవడేది ఎవలు మరి, నా నీడనా?"

సిరిసిల్లల చిన్న పోరగానికి గూడ తెలుసు. నూలు యజమానిది. నేసిన బట్ట యజమానిది. ఆసామివి ఉత్త సాంచెలు. నేసిచ్చినందుకు మీటరు లెక్కన కూలి తీసుకుంటడు, అండ్లకెళ్లే మళ్లీ తన కాడ నేసేటోళ్లకు కూలి ఇస్తడు. ఇంత తెలిసి గూడ విఠల్, తొందరగ చెప్తె మేడం మెచ్చుకుంటదని నోటికొచ్చిన మాట అనేసిండు.

"తప్పయింది చెల్లె. రేపే పోయి కార్మికురాలని రాయిస్త."

సత్యవ్వ ఒప్పుకోలేదు. "మా ఆయన పద్దెనిమిదేండ్లు మందికి కూలికి నేసి గీ నాలుగు సాంచెలు కొన్నడు. ఆసామి అయిన్నాడు గల్లీ అంతటికి ఛాయ్ పోసిండు. సచ్చినంక ఆయనను మళ్లీ కూలికి పంపుతవా? బియ్యం రావాలె. అబద్ధం మాత్రం వద్దు."

మేడం జగిత్యాల గెస్ట్‌హౌస్‌ల ఉన్నది, ఎల్లుండి వెళ్లిపోతది అని తెలిసింది. బస్సులు లేవు. విఠల్ తన మోపెడ్ మీద సత్యవ్వను ఎక్కించుకొని తెల్లారంగనే బయలెల్లిండు. కోరుట్లల హన్మండ్లును కలిసి పోదామని రుద్రంగి తొవ్వ పట్టిండు. హన్మండ్లు భీవండిల దోస్తు. తర్వాత దుబాయ్‌ల పదిహేనేండ్లు స్టోర్ కీపర్ చేసిండు. ఆయన కాడ ఇంగ్లీషు మాటలు సంచులకొద్ది ఉంటయని విఠల్ నమ్మకం.

హన్మండ్లు విని "ఓస్ ఇంతేనా! కాంట్రాక్టర్ అని రాయి. మర్యాదగ గూడ ఉంటది" అన్నడు.

"కాంట్రాక్టర్‌కు బియ్యం కార్డు ఎవలిస్తరురా?"

"అయితే సెల్ఫ్ ఎంప్లాయిడ్ అను. తన పని తనే చేసుకునేటోడని."

సత్యవ్వ తలూపింది, కాదని. "నూలు నాది కాదు, బట్ట నాది కాదు. తన పని అని ఎట్లంటరన్నా?"

హన్మండ్లు ఇంక నాలుగు మాటలు తీసిండు. ఒకటి అటు పొడుగయింది, ఒకటి ఇటు పొట్టిగయింది. ఆఖరుకు విసుగొచ్చి "మీ ఆసామి గబ్బిలం లెక్కున్నడే. పిట్టలల్ల కలువడు, ఎలుకలల్ల కలువడు" అన్నడు.

"గబ్బిలం గూడ తినాలె గదన్నా" అన్నది సత్యవ్వ. హన్మండ్లు భార్య లోపలి నుంచి పకపక నవ్వి, ఇద్దరికి జొన్నరొట్టె పెట్టింది.

కోరుట్ల దాటినంక రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డం పొయ్యిలు పెట్టి, తెలంగాణ రావాలని పాటలు పాడుకుంట ఊరోళ్లు వంట చేస్తున్నరు. తినంది ఎవలనూ పోనిస్తలేరు. మోపెడ్ ఆపి కూసున్నరు. పప్పు వడ్డించిన వ్యవసాయం చేసే ఒక ముసలామె సత్యవ్వను "ఏం పని బిడ్డా మీది?" అని అడిగింది.

"ఆసాములం పెద్దవ్వా."

"అంటే ఏందే? మా దిక్కు ఆసామంటే భూములున్నోడు."

సత్యవ్వ చెయ్యి కడుక్కుంట చెప్పింది. "నీకో బర్రె ఉన్నదనుకో. గడ్డి ఇంకొకలు తెచ్చి వేస్తరు. పాలు వాళ్లే పట్టుకపోతరు. పిండినందుకు నీకింత ఇస్తరు. వాళ్లు గడ్డి తేనినాడు బర్రె నీ ఇంట్లనే అరుస్తది. పేడ తీసుడు ఎప్పటికీ నీదే. గదీ మా పని."

"అయ్యో, బర్రె ఉన్నదన్న పేరే గాని!" అన్నది ముసలామె.

విఠల్ అన్నం పళ్లెం పక్కకు పెట్టిండు. తాను పొద్దటిసంది వెతుకుతున్నది ఒక మాట. ఆ ముసలామెకు ఒక మాట అవసరమే పడలేదు. అక్కడనే, పొయ్యి పొగల కండ్లు నలుపుకుంట, తెల్లకాయితం మీద రాసిండు. పైన ఇంగ్లీషు అక్షరాలల్ల "ఆసామి" అని పెట్టిండు. కింద సాంచె ఎవలది, నూలు ఎవలది, బట్ట ఎవలది, కరెంటు పోయిన్నాడు నష్టం ఎవలది, అన్నీ చిన్న చిన్న వాక్యాలల్ల. రాసింది మళ్లీ తెలుగుల చదివి సత్యవ్వకు వినిపించిండు.

"ఒక్కకాడ తప్పున్నది" అన్నది సత్యవ్వ. "యజమాని నూలు ఇస్తడని రాసినవు. ఇచ్చినప్పుడు ఇస్తడని రాయి."

రాసిండు.

జగిత్యాలల మేడం మెట్ల మీదనే నిలబడి కాయితం చదివింది. రెండోసారి చదివింది. "ఆనాడు ఓనర్ అన్నది మీరే గదా?" అని అడిగింది. "నేనే. నా తప్పు. ఈమెది కాదు" అన్నడు విఠల్. "మా ఫారంల రెండే గడులున్నయి, ఓనర్, వర్కర్. ఈమెను వర్కర్ గడిల వేస్తె తొందరగ అయిపోతది" అన్నది మేడం. విఠల్ ఆ మాట సత్యవ్వకు చెప్పిండు. కార్డు చేతికందే కాడికొచ్చింది, ఊ అంటె సరిపోతది. సత్యవ్వ "వద్దను" అన్నది. మేడం ఓనర్ అన్న మాట కొట్టేసింది. ఏ గడిల ఏం రాయకుండ, విఠల్ కాయితాన్ని ఫారంకు పిన్ను కొట్టింది. "పంపుత. ఏమయితదో నేను చెప్పలేను" అన్నది.

తిరుగు తొవ్వల రుద్రంగి దాటినంక సత్యవ్వ ఒక్కటే అన్నది. "రాకుంటే నిన్ను తిట్టుకోను లే అన్నా. కొంచెమే తిట్టుకుంట."

సమ్మె ముగిసి, సాంచెలు మళ్లీ సప్పుడు చేస్తున్న రోజులల్ల కార్డు వచ్చింది. పేరున్నది, ఇంటి నంబరున్నది. పని అన్న కాడ ఏం లేదు, ఖాళీ. విఠల్‌కు మనసున పట్టలేదు, అంత రాస్తే గూడ అచ్చు కాలేదని. సత్యవ్వ మాత్రం కార్డును రెండు దిక్కులా తిప్పి తిప్పి చూసింది.

"ఓనర్ అని లేదు గదా?"

"లేదు."

"కార్మికురాలు అని లేదు గదా?"

"లేదు."

"ఇంకేం మరి" అని సంచి పట్టుకొని బియ్యానికి పోయింది.

అప్పటిసంది విఠల్ ఇంగ్లీషు నెమ్మదయింది. సర్వేలోళ్లు ఎవలొచ్చినా ఆయననే పిలుస్తరు. ఆయన మాట అందుకునే ముందు చెయ్యి అడ్డం పెట్టి, ముంగట నిలబడ్డ మనిషి దిక్కు తిరుగుతడు. "నిన్నేమని చెప్పమంటవు?" అని అడుగుతడు. వచ్చినోళ్లు గడియారం చూసుకుంటరు. ఆ మనిషి చెప్పుడు అయిపోయేదాక విఠల్ నోరు తెరువడు.