నా మూలలో నిలబడ్డ మనిషి

యశ్వంతపురంలో రైలు దిగేసరికి ఉదయం ఐదూ నలభై. జూన్ మొదటి వారం. సన్నటి జల్లు. జమ్మూలో రాజౌరీ వైపు కొండమీది ఆర్మీ పోస్టులో రెండేళ్లు ఉండి వస్తున్నాను. ఒక నల్ల ట్రంకు, ఒక బెడ్డింగు, జేబులో మూవ్‌మెంట్ ఆర్డరు. బెంగళూరులో బాక్సింగ్ జట్టుతో ఎనిమిది నెలలు. ఆర్డరులో అంతే ఉంది.

ఇది కూడా డ్యూటీయే అంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. నాలుగున్నరకి లేవాలి. ఐదుంబావుకి ఫాలిన్, వరసలో నిలబడాలి. ఎనిమిది కిలోమీటర్ల పరుగు. ఆరున్నర నుంచి బ్యాగు మీద దెబ్బలు, మధ్యాహ్నం మూడున్నరకి రింగు. సాయంత్రం బరువు చూస్తారు. అరవై మూడున్నర కిలోలు దాటితే ఆ పూట అన్నం లేదు.

నన్ను తీసుకెళ్లడానికి స్టేషన్‌కి ఒక హవల్దార్ వచ్చాడు. గోదావరి జిల్లా మనిషి. నాకంటే పదేళ్లు పెద్ద. ట్రంకు రెండో కొస పట్టుకుంటూ, "నీ పేరు చూసి అనుకున్నాను తమ్ముడూ, మనోడేనని. వందనాలు" అన్నాడు. జట్టులో తెలుగు క్రైస్తవులం మేమిద్దరమే. ఆయనే నా సెకండ్ అని మర్నాడు తెలిసింది. రౌండుకీ రౌండుకీ మధ్య ఉన్న ఒక్క నిమిషంలో, రింగు మూలలో నీళ్లు తాగించి, ఏం చెయ్యాలో చెప్పేవాణ్ణి సెకండ్ అంటారు.

రోజూ సాయంత్రం ఆరున్నరకి జిమ్ వెనక సిమెంటు మెట్ల మీద ఇద్దరం కూర్చునేవాళ్లం. ఆయన బైబిల్ వాక్యం చదివేవాడు. తర్వాత దాన్ని ఆటలోకి తెచ్చేవాడు. అది ఆయనకి బాగా చేతనవును.

"రింగులో నీ ఎదురుగా ఉన్న చెయ్యే నీకు కనపడుద్ది. మూలలో ఉన్నోడికి మొత్తం కనపడుద్ది. అందుకే వాడి మాట వినాలి. నీకు అర్థం కాకపోయినా వినాలి. దేవుడి దగ్గరా అంతే తమ్ముడూ."

ఆ మాట నాకు పట్టేసింది. చిన్నప్పటినుంచీ చర్చికి వెళ్తున్నా, దేవుడి మీద ఆనుకోవడం అంటే ఏమిటో ఒంటికి తెలిసింది మాత్రం అప్పుడే. హవల్దార్ మూలలోంచి "ఎడమ" అంటే ఆలోచించకుండా ఎడమకి జరిగేవాణ్ణి. దెబ్బ గాల్లోంచి పోయేది. నాలుగు నెలల్లో ఏడు పోటీలు ఆడి ఆరు గెలిచాను.

నవంబరులో సెలక్షన్. నా బరువులో ఒక్కరినే తీసుకుంటారు. పోటీ నాకూ, కోలారు నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల సిపాయికీ. నాకు ఇరవై తొమ్మిది. ఎంపికైతే జట్టులో స్థిరపడతాను. కాకపోతే మళ్లీ కొండమీదికి. ఇంకో అవకాశం వచ్చే వయసు కాదు.

సెలక్షన్‌కి మూడు వారాల ముందు ప్రాక్టీసులో ఎడమ పక్కటెముకల మీద దెబ్బ తగిలింది. లోతుగా ఊపిరి పీలిస్తే పొడిచినట్టుండేది. యూనిట్ డాక్టరు దగ్గరికి వెళ్తే పేరు కొట్టేస్తారు. ఆదివారం అవుట్‌పాస్ తీసుకుని, తెలిసినవాళ్లెవరూ రాని బళేపేటకి వెళ్లాను. ఒక సందులో నడుం పట్టీలు అమ్మే కొట్టు. కొట్టులో పెద్దాయన నేను వంగడం చూశాడు.

"ఏమప్పా, మీ మిలిట్రీలో ఈ పట్టీ ఇయ్యరా?"

"ఇస్తారు. అడగలేను."

"ఎముక ఇరిగి ఉండాదేమో. పట్టీ ఏం జేస్తాదప్పా? మొదలు డాక్టర్‌కి చూపించు."

తల ఊపి పట్టీ కొనుక్కుని వచ్చేశాను.

ఆ సాయంత్రం మెట్ల మీద హవల్దార్ అలవాటుగా అడిగాడు. "ప్రార్థన అంశం ఏమన్నా ఉందా తమ్ముడూ?"

చెప్పాను. ఆయన ఒక్కడికే చెప్పాను. చొక్కా ఎత్తి చూపించాను. కింది నుంచి మూడో ఎముక. ఆయన సరిగ్గా అక్కడే అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, చాలాసేపు ప్రార్థన చేశాడు. నాకు ఏడుపొచ్చింది. లేచేటప్పుడు నొప్పి తగ్గినట్టే అనిపించింది.

సెలక్షన్ శనివారం ఉదయం తొమ్మిదికి. ఆకాశం మూసుకుని ఉంది. కోలారు సిపాయి బలం ఎడమ చేత్తో సూటిగా గుద్దే జాబ్. ఎప్పుడూ ముఖం మీదికే కొడతాడు. ఆ రోజు జాబ్ చూపించడానికి మాత్రమే వాడాడు. కుడి చెయ్యి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అదే ఎముక మీదికి. మోచేతులు కిందికి దించి ఎలాగో మొదటి రౌండు పూర్తి చేశాను.

మూలలో స్టూలు మీద కూర్చున్నాను. హవల్దార్ నా నోట్లోంచి గార్డు తీసి నీళ్లు పట్టాడు.

"అన్నా, పక్కటెముకల మీదికి కొడుతున్నాడు."

"లేదు. అది ఎర. ఇప్పుడు ముఖం మీదికొస్తాడు. మోచేతులు పైకెత్తు."

"పక్క తెరుచుకుంటది కదన్నా."

"నాకు కనపడతంది తమ్ముడూ. నా మాట విను."

విన్నాను. రెండో రౌండులో నలభై సెకండ్లకి పడ్డాను. రిఫరీ ఎనిమిది లెక్కపెట్టాక లేచాను. మోచేతులు మళ్లీ పైకే ఎత్తాను. ఆయన ఎత్తమన్నాడు కాబట్టి. రెండోసారి పడ్డాక రిఫరీ ఆపేశాడు.

రెండు ఎముకలు విరిగాయి. లోపల ప్లీహం చిట్లింది. మిలిటరీ ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేసి తీసేశారు. ప్లీహం లేని మనిషికి రింగు లేదు, కొండమీది పోస్టు కూడా లేదు. మెడికల్ కేటగిరీ తగ్గించి రాశారు.

ఐదో రోజు కోలారు సిపాయి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, మీ హవల్దారే చెప్పినాడు నాకు, ఆడ కొట్టమని. ఎముక ఇరిగిండాదని చెప్పలేదన్నా. మా అమ్మ మీద ఒట్టు."

నేను అడగకుండా చెప్పాడు. అతని మీద నాకు కోపం రాలేదు. ఇప్పటికీ లేదు.

హవల్దార్ ఎనిమిదో రోజు బత్తాయిలు తెచ్చాడు. దాచలేదు. కోలారు కుర్రాడితోపాటు, అతని సెకండ్‌గా తననీ పైపోటీల జట్టులోకి తీసుకున్నారని తనే చెప్పాడు.

"నువ్వు గెలిచినా పైపోటీలో పడిపోయేవోడివి తమ్ముడూ. జట్టు దెబ్బతినేది. దేవుడి దగ్గర పెట్టి చూసుకున్నాను. నాకు సమాధానం వచ్చింది."

"కోచ్ సాబ్‌కి చెప్పొచ్చు కదన్నా. నన్ను ఆపేసేవాడు."

"అప్పుడు నీ ముఖం ఎట్టా చూసేది?"

"సరే. మూలలో మోచేతులు ఎందుకు ఎత్తమన్నావు?"

ఆయన బత్తాయిలు సంచిలోంచి తీసి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. ఖాళీ సంచి మడిచి "ప్రార్థన చేసేదా?" అన్నాడు. వద్దన్నాను. నా జీవితంలో ప్రార్థన వద్దన్నది అదే మొదలు. ఆ తర్వాత ఏడాదిపాటు నేను కూడా చెయ్యలేదు. కళ్లు మూసుకుంటే పక్కటెముక మీద ఆయన చెయ్యి తగిలేది.

ఫిబ్రవరిలో రైలెక్కాను. అదే ట్రంకు, అదే బెడ్డింగు. మిగిలిన సర్వీసు స్టోర్‌లో దుప్పట్లు లెక్కపెడుతూ గడిపి, పెన్షన్‌తో ఇంటికొచ్చాను. ఇప్పుడు మళ్లీ బెంగళూరు వచ్చి, కుందలహళ్ళిలో ఒక ఆఫీసు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. మొన్న మా పాస్టరుగారు యువకుల మీటింగులో, ఆటల్లోంచి విశ్వాసం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మూలలోని మనిషి పాఠమే చెప్పాను. అది మంచి పాఠం. ఎవరు నేర్పారో చెప్పలేదు. దేవుడు కూర్చోవలసిన చోట ఒక మనిషిని కూర్చోబెట్టాను, అది నా తప్పు. ఆ చోటు తనదేనన్నట్టు ఆయన కూర్చున్నాడు. అది ఆయన తప్పు. నా తప్పుకి దేవుడి దగ్గర క్షమాపణ అడిగాను. హవల్దార్‌ని క్షమించానని మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

పోటీ ఆపేసిన తర్వాతి నిమిషం ఒకటి ఉంది. స్టూలు మీద కూర్చున్నాను. ఊపిరి అందడం లేదు. పొట్ట పట్టుకుందామంటే గ్లవ్‌లలో వేళ్లు కదలవు. వాటిని ఎవరూ సొంతంగా విప్పుకోలేరు. హవల్దార్ నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. లేసు ముడి చెమటకి బిగుసుకుపోయింది. వేళ్లతో రాలేదు. తల వంచి పళ్లతో పట్టి లాగాడు. ఆయన ఊపిరి నా మణికట్టు మీద వెచ్చగా తగిలింది. నడినెత్తిన జుట్టు పల్చబడి ఉంది. ఒక చెయ్యి విడిపించాడు. తర్వాత రెండోది, నొప్పి కలక్కుండా, నిదానంగా.

"థాంక్స్ అన్నా" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు.