రంగులాయనకు మిగిలిన మాట

ఆ వీధిలో అందరూ ఆయన్ని రంగులాయన అనేవారు. రంగుల దుకాణంలో రంగులు కలపడం ఆయన పని. ఎవరైనా వచ్చి "గోడకి లేత ఆకుపచ్చ కావాలి" అంటే సరేనని ఊరుకునేవాడు కాదు. "లేత అంటే ఎంత లేత? అప్పుడే విచ్చిన ఆకా, ఎండ చూసిన ఆకా?" అని మొదలుపెట్టేవాడు. గదిలో కిటికీ ఎటువైపు ఉందో, మంచం మీద దుప్పటి ఏ రంగో, ఆ గదిలో పడుకునేవాళ్ళకి కోపం ఎక్కువో తక్కువో అన్నీ ఆరా తీసి, అప్పుడు డబ్బా మూత తెరిచేవాడు. కర్రతో రంగు తిప్పుతున్నంతసేపూ కబుర్లే. అంతకంటే మంచి పనివాళ్ళు ఊళ్ళో లేరని కాదు. ఆయన దగ్గరికొస్తే రంగుతో పాటు కాలక్షేపం కూడా దొరికేది.

ఇంట్లోనూ అదే వరస. భార్య ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని కిటికీ తెరలు, దిండు గలీబులు కుట్టేది. ఆవిడ మాట పొదుపు మనిషి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసే అలవాటొకటి, మాట్లాడకుండా ఉండటానికి మంచి సాకు. సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే కబుర్లు విప్పేవాడు. ఆవిడ ఊ కొడుతూ కుట్టుకునేది. చెవులు హోరెత్తిపోయిన రోజున మాత్రం సూదులు తీసి పక్కన పెట్టి, "కాసేపు ఆ నోటికి తాళం వేసుకోకూడదూ?" అనేది.

"తాళంచెవి ఎక్కడో పారేశానే" అని నవ్వేసి మళ్ళీ అందుకునేవాడు.

ఒక పొద్దున దుకాణంలో డబ్బా మూత తీస్తూ తీస్తూ ఆయన పక్కకి ఒరిగిపోయాడు. ఆవిడ ఆసుపత్రికి పరుగెత్తేసరికి ఒక చెంప మీద తెల్లరంగు చారలతో మంచం మీద పడుకుని ఉన్నాడు. మెదడులో ఒక నాళం పూడుకుపోయిందన్నారు డాక్టర్లు. ప్రాణానికి భయం లేదు, పడిపోయిన కుడి చెయ్యీ కాలూ నెమ్మదిగా దారికొస్తాయి, మాట సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆవిడకి చప్పున తాళం మాట గుర్తొచ్చింది. గోడవైపు తిరిగి, చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

తెలివొచ్చాక ఆయన ఆవిడని గుర్తుపట్టాడు. ఏదో చెప్పబోయాడు. పెదాలు వంకర్లు పోయాయి, నుదుట చెమట పట్టింది. చివరికి ఒక్క మాట బయటపడింది.

"కలుపు."

"ఏం కలపాలండీ?"

"కలుపు" అన్నాడు మళ్ళీ. తన నోట అదొచ్చినందుకు తనే ఆశ్చర్యపోయినట్టు చూశాడు.

ఇక అంతే. మంచినీళ్ళు కావాలన్నా కలుపు, ఫ్యాను ఆపమన్నా కలుపు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే కూతురు సెలవు పెట్టి వచ్చి పక్కన కూర్చుంటే, దాని తల నిమిరి "కలుపు, కలుపు" అన్నాడు. అది ముద్దని ఎవరికైనా తెలుస్తుంది. మిగతావే తెలిసేవి కావు. ఇంటికొచ్చాక ఒకరోజు కిటికీలోని పూలకుండీ చూపించి "కలుపు" అన్నాడు. కూతురు చక్కా వెళ్ళి కుండీలో గడ్డి మొక్కలన్నీ పీకేసింది. ఆయన తల బాదుకున్నాడు. విత్తుల పొట్లం, ఎరువు సంచీ వేలితో చూపించాక తెలిసింది, అవి గడ్డి కావట, ఆయన నాటిన చామంతి నారట. ఎరువు కలపమన్నాడాయన.

"నాన్నా, ఇంకోసారి చెప్పేటప్పుడు ఏ కలుపో చెప్పి మరీ చెప్పు" అని కూతురు నవ్వింది. ఆయనా నవ్వాడు. వంటింట్లో ఉన్న ఆవిడకి మాత్రం నవ్వు రాలేదు.

వారానికోసారి ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళు. అక్కడ మాటలు నేర్పే టీచరమ్మ బొమ్మల అట్టలు చూపించేది. పిల్లి బొమ్మ చూపిస్తే కలుపు, గడియారం చూపిస్తే కలుపు. కాసేపటికి ఆయన విసుగెత్తి అట్టని ఎడంచేత్తో తోసేశాడు.

"ఆయనకి అన్నీ తెలుసమ్మా" అంది టీచరమ్మ. "లోపల మాటలన్నీ ఉన్నాయి, బయటికొచ్చే దారే మూసుకుపోయింది. సందులోంచి ఈ ఒక్కటీ ఎలాగో జారింది. ఏళ్ళ తరబడి వాడిన మాట కదా. దాన్ని వద్దనకండి, దాంతోనే పని జరపండి. అసలు ఆ ఒక్క మాటతో మనం ఎన్ని చెప్పుకుంటామో ఎప్పుడైనా ఆలోచించారా?"

ఆవిడ ఆలోచించలేదు. దారి పొడుగునా బస్సులో కూర్చుని ఆలోచించింది. పాలల్లో నీళ్ళు కలుపుతాం. పక్క సీటు మనిషితో మాట కలుపుతాం. పాడేవాళ్ళతో గొంతు కలుపుతాం. ఎడముఖం పెడముఖంగా ఉన్నవాళ్ళని కలుపుతాం. కొట్లోవాడు పద్దులు కలుపుతాడు. ఇద్దరు కలిసి చెడ్డపనికి పూనుకున్నా చేతులు కలిపారనే అంటాం. చెయ్యకూడని కల్తీకీ, చెయ్యాల్సిన కలయికకీ మాట ఒక్కటే. ఇన్నాళ్ళూ ఈ మాట ఇంట్లో గరిటెలా పడి ఉంది, ఎవరూ తేరిపార చూడలేదు.

ఆ రోజు నుంచి ఆవిడ మాటని కాక, దాని రాగాన్ని వినడం మొదలుపెట్టింది. చివర సాగదీస్తే టీ కావాలని. ముక్కుతో అంటే రేడియో పెట్టమని. తుంచినట్టు అంటే వచ్చినవాళ్ళు ఇక లేచి వెళ్తే బాగుండునని. అర్థం కానప్పుడు తనే ముందు మాట అందించేది: "పాలు కలపనా? మందు కలపనా? ఎవరికైనా ఫోన్ కలపనా?" అలా గుండుసూదులు నోట్లోంచి డబ్బాలోకి మారాయి. రోజంతా ఆవిడే మాట్లాడాల్సి వస్తోంది మరి.

ఒక మధ్యాహ్నం ఆయన ఫోన్ చూపించి "కలుపు" అన్నాడు.

"దుకాణానికా?" కాదన్నాడు. "అమ్మాయికా?" కాదు. ఆవిడ ఫోన్లో ఉన్న పేర్లన్నీ ఒక్కొక్కటే పైకి చదివింది. ఒక పేరు మాత్రం చదవకుండా దాటేసి కిందికి జరిగింది. ఆయన చటుక్కున ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు.

అది ఆయన తమ్ముడి పేరు. అన్నదమ్ముల మధ్య మాటల్లేక ఏళ్ళయింది. తమ్ముడు రొట్టెల దుకాణం తెరిచిన రోజున, నలుగురిలో నిలబడి మొదటి రొట్టె కొరికి, "బాగుందిరా, గోడ సందులు పూడ్చడానికి మా కొట్టుకి పనికొస్తుంది" అన్నాడీయన. అందరూ గొల్లుమన్నారు. తమ్ముడు నవ్వలేదు. ఇంకోసారి నా గుమ్మం తొక్కొద్దన్నాడు. ఆయనకీ పంతం వచ్చింది. అంత వాగుడుకాయా తమ్ముడి ఊసు మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

ఆవిడ ఫోన్ కలిపి ఆయన చెవి దగ్గర పెట్టింది.

"కలుపు" అన్నాడాయన.

"ఎవరు? అన్నయ్యా? ఏం కలపాలి?" అవతలి గొంతు గట్టిపడింది. "ఇన్నాళ్ళకి ఫోన్ చేసింది ఎగతాళికా?"

ఆవిడ ఫోన్ లాక్కుంది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక ఆవిడ అంతసేపు ఏకబిగిన మాట్లాడింది అదే మొదటిసారి. పడిపోవడం, ఆసుపత్రి, ఆ ఒక్క మాట, చామంతి నారు, అన్నీ చెప్పింది. "నీకు చెప్పకపోవడం నా తప్పే. నువ్వు వినవని నేనే అనుకున్నాను" అని కూడా అంది.

"సాయంత్రం వస్తాను వదినా" అన్నాడు మరిది చివరికి.

వచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. అన్న వంకరపోయిన మూతి చూసి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. తర్వాత కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి మోకాళ్ళు ఒకరు చూసుకుంటున్నారు. ఆవిడే కల్పించుకుంది.

"ఆ రోజు నోరు జారినందుకు మనసులో పెట్టుకోవద్దంటున్నారు మీ అన్నయ్య."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒకసారి కాదు, గట్టిగా, మళ్ళీ మళ్ళీ. మరిది లేవబోయాడు.

ఆయన ఎడంచెయ్యి చాచి ఆ పొట్లం అందుకున్నాడు. లోపల రొట్టె. ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, బాగున్న దవడవైపు నెట్టి, చాలా నింపాదిగా నమిలాడు. మింగాడు. మిగిలిన రొట్టెని ఒళ్ళో పెట్టుకుని, గాలిలో అరచేతిని ముందుకీ వెనక్కీ నొక్కుతూ, తమ్ముడి కళ్ళలోకి చూసి అన్నాడు.

"కలుపు. కలుపు!"

మరిది కాసేపు ఆ చేతినే చూశాడు. "ఏంటీ, పిండి ఇంకా సరిగ్గా కలపాలంటావా?"

ఆయన మొహం వెలిగిపోయింది. అవునని తలూపాడు.

"వదినా, చూడు! క్షమాపణ కాదు, ఏమీ కాదు! అప్పుడూ నేను పిండి సరిగ్గా కలపలేదంటున్నాడు, ఇప్పుడూ కలపట్లేదంటున్నాడు!" అంటూ పగలబడి నవ్వాడు మరిది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "నిజమే అన్నయ్యా. మొదటి రోజు నాకు చేతకాలేదు. నాకూ తెలుసు. అందరి ముందూ అన్నావనే నా ఏడుపు."

అప్పుడు ఆయన నవ్వు ఆపి, తమ్ముడి చెయ్యి తన ఎడంచేతిలోకి తీసుకున్నాడు.

మరిది వారం వారం రావడం మొదలుపెట్టాడు. వచ్చినప్పుడల్లా ఒక రొట్టె. అది బాగా వచ్చిందో లేదో ఆయన తేల్చి చెప్పేవాడు.

చలికాలం దాటేసరికి ఆయన నోట ఆ మాటకి ముందు ఇంకో మాట అతుక్కోవడం మొదలైంది. "పాలు కలుపు." "ఫోను కలుపు." ఒకనాడు ఆవిడ పేరు సగం వచ్చి ఆగిపోయింది, మళ్ళీ రాలేదు. కర్ర పట్టుకుని మధ్యాహ్నాలు దుకాణానికి వెళ్ళి, రంగులు కలపడానికి కొత్తగా తెచ్చిన యంత్రం పక్కన కూర్చునేవాడు. యంత్రం చేసిన రంగు నచ్చితే తలూపేవాడు, నచ్చకపోతే మొహం తిప్పుకునేవాడు. పాత కబుర్లు మాత్రం తిరిగి రాలేదు. రావని టీచరమ్మ కూడా చెప్పేసింది. ఆవిడ దానికి ఏడవాల్సినంత ఏడ్చింది. ఇప్పుడు సాయంత్రం ఆయన ఇల్లు చేరాక ఆవిడే ఆ రోజు ఎవరెవరొచ్చారో, ఎవరి తెర పొట్టిదైందో చెబుతుంది. ఆయన మిషను పక్కన కూర్చుని ఊ కొడతాడు. తను చెప్పడం అంత బాగుండదని ఆవిడకి తెలుసు. అయినా చెబుతుంది.

ఈమధ్య ఆసుపత్రి వరండాలో వాళ్ళ వంతు కోసం కూర్చున్నప్పుడు పక్క బల్ల మీద కొత్తగా ఒకమ్మాయి కనిపించింది. చక్రాల కుర్చీలో ముసలాయన, ఆ అమ్మాయి తండ్రి. ముసలాయన ఏదో గట్టిగా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. అమ్మాయి మొహం కందిపోయింది.

"ఏమనుకోకండి ఆంటీ. మా నాన్నగారు ఎన్నడూ ఎవర్నీ పల్లెత్తు మాట అనేవారు కాదు. జబ్బు చేశాక ఆ ఒక్క తిట్టే మిగిలింది. పొద్దున లేస్తే అదే. అందరిలోకి తీసుకురావాలంటే తల ఎత్తుకోలేకపోతున్నాను."

ఆవిడ బల్ల మీద కాస్త పక్కకి జరిగి, అమ్మాయికి చోటిచ్చింది.

"ఇలా వచ్చి కూర్చో తల్లీ. నవ్వుతూ కూడా అదే తిడతారా?"

అమ్మాయి ఆలోచించింది. "ఆ... మా పాపని చూసినప్పుడు."

"మరి అది తిట్టెలా అవుతుంది? సరే, ఆకలేసినప్పుడు ఎలా అంటారో చెప్పు."