జియా భాయ్ మెషిన్‌కు జ్వరం

మెదక్‌లో జియా భాయ్ చేతికి చిక్కిన కాగితం ల్యామినేషన్ కాకుండా బయటపడటం కష్టం. చర్చి గేటుకు నాలుగడుగుల దూరంలో ఉంది ఆయన షాపు. జిరాక్స్ అన్నది బోర్డు మీది మాటే, ఆయన ప్రాణమంతా మూలనున్న ల్యామినేషన్ మెషిన్ మీదే. ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వెలిగిందంటే ఇక ముందున్నది ఏ కాగితమో చూడడు. ఆధార్ కార్డయినా, ఆర్టీసీ టికెట్టయినా, పెళ్లి భోజనాల లిస్టయినా ఆయనకు ఒకటే. ఒకసారి అప్పడాన్ని కూడా పెట్టి చూశాడు. అది అవతలి వైపుకు పొడి పొడై వచ్చింది. పొడి అయితే అయింది గానీ ఇప్పటికీ మెత్తబడలేదని వచ్చినవాళ్లకల్లా చూపిస్తుంటాడు.

ఈ పిచ్చికి అందరికన్నా ఎక్కువ బలైంది ఆయన భార్య రషీదా. ఆమె అదే షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని అప్లికేషన్లు టైప్ చేస్తుంది. పెళ్లయిన కొత్తలో, రంజాన్ నెలలో, సరుకుల చిట్టీ రాసి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని శుభ్రంగా ల్యామినేషన్ చేసి కిరాణా కొట్టు సౌభాగ్యమ్మకు అప్పగించాడు.

"నెలనెలా రాసుడెందుకు? నీ చేతులు నొయ్యవా?" అన్నాడు ఇంటికొచ్చి భార్యతో ప్రేమగా.

ఆ చిట్టీలో సేమ్యా ఐదు కిలోలని ఉంది. పండుగ వెళ్లిపోయినా నెలనెలా ఐదు కిలోల సేమ్యా ఇంటికి వస్తూనే ఉంది. ఆరో నెలలో రషీదా స్వయంగా వెళ్లి ఆ ఐదును కొట్టేయబోతే పెన్ను జారిపోయింది. "మస్తు గట్టి పని చేసిండమ్మా మీ ఆయన, గీకినా పోతలేదు," అంది సౌభాగ్యమ్మ మెచ్చుకుంటూ. ఆ ఏడాది రషీదా సేమ్యాతో కాచిన షీర్ ఖుర్మా తాగని ఇల్లు ఆ గల్లీలో లేదు.

రేగోడ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ భూమయ్యది ఇంకో కథ. పింఛన్ ఫారం జిరాక్స్ తీయమని ఇచ్చి చాయ్ తాగడానికి పోయాడు. వచ్చేసరికి ఫారం తళతళలాడుతోంది.

"జియా భాయ్, నేనింక పేరు గూడ రాయలే."

"అందుకే గింత నీట్‌గ ఉన్నది," అన్నాడు జియా భాయ్.

ఇంత పనిమంతుడి మెషిన్‌కు ఒక రోగం ఉంది. ఏడాది పొడుగునా గుర్రంలా పనిచేసేది బడులు తెరిచిన కొత్తలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి, ఎండాకాలం సెలవులకు ముందు ఒకసారి ఠక్కున ఆగిపోతుంది. "మెషిన్‌కు జ్వరమొచ్చింది," అంటాడు జియా భాయ్, పక్కనే మంచాన పడ్డ మనిషి ఉన్నట్టు గొంతు తగ్గించి. రషీదా తూప్రాన్ నుంచి మోహసిన్ అనే మెకానిక్‌ను మూడుసార్లు పిలిపించింది. మోహసిన్ వచ్చి చెయ్యి పెట్టగానే మెషిన్ బ్రహ్మాండంగా తిరిగేది. మూడోసారి అతను వేరే పనిలేక తన విజిటింగ్ కార్డునే ల్యామినేషన్ చేసుకుని వెళ్లిపోయాడు.

ఆ జ్వరం ఎక్కడి నుంచి వస్తుందో రషీదాకు పోయిన జూన్ నెలాఖరులో తెలిసింది.

ఆ రోజు నిజాంపేట దారిలో ఆటో నడిపే దావీదు షాపు ముందు బండి ఆపి దిగాడు. వెనక సీట్లో అతని కూతురు, మూడో తరగతి పిల్ల, కూర్చుని ఉంది. నాయనమ్మ పేరు పెట్టడం వల్ల తొమ్మిదేళ్లకే ఆ పిల్ల ముసలమ్మలా యేసమ్మ అయింది. దావీదు చేతిలో బడివాళ్లిచ్చిన కాగితం ఉంది. దాన్ని తీసి బల్ల మీద కొట్టాడు.

"జియా భాయ్, దీన్ని మంచిగ ల్యామినేషన్ చెయ్యి. పైన రెండు రంధ్రాలు కొట్టు, తాడు కట్టాలె."

"ఏడ కడుతవ్ దావీదన్నా?"

"ఆటోల, అద్దం కాడ. ఎక్కినోళ్లందరు చదవాలె. బేస్‌లైన్ అని పరీక్ష పెట్టిండ్రట. ఇరవైకి ఏడు. జర సిగ్గొస్తే చదువొస్తది."

ఆటోలో యేసమ్మ షాపు బోర్డు వైపు చూస్తూ పెదవులు కదుపుతోంది.

జియా భాయ్ కాగితం తీసుకున్నాడు. మెషిన్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. రషీదాకు అదే సమయంలో స్టాప్లర్ కింద పడింది. తీసుకుందామని బల్ల కిందికి వంగిన ఆమెకు మొగుడి కుడికాలు కనిపించింది. చెప్పులో నుంచి బొటనవేలు మెల్లగా బయటికొచ్చి, కింద ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు దాకా పాకి, స్విచ్చును టక్కున ఆర్పేసింది. ఆపైన ఏమీ ఎరగనట్టు చెప్పులోకి వెళ్లిపోయింది.

"అరెరె, మెషిన్‌కు జ్వరమొచ్చింది," అన్నాడు జియా భాయ్ బల్ల పైనుంచి.

రషీదా స్టాప్లర్ పట్టుకుని బల్ల కిందే ఉండిపోయింది. పద్నాలుగేళ్లుగా ఆ మెషిన్ కోసం ఆమె చేసిన ఫోన్లు, మోహసిన్‌కు పోసిన చాయ్‌లు అన్నీ గుర్తొచ్చి ముందు ఒళ్లు మండింది. ఆ తర్వాత గుర్తొచ్చింది అత్తగారింటి గోడ మీది ఫ్రేము.

జియా భాయ్ తండ్రి నసీరుద్దీన్‌కు ఫొటో ఫ్రేముల షాపు ఉండేది. కొడుకు మూడో తరగతిలో లెక్కల్లో నూటికి పదకొండు తెచ్చుకుంటే, సిగ్గొస్తుందని ఆ మార్కుల కాగితానికి బంగారు రంగు ఫ్రేము కట్టి గడియారం పక్కన తగిలించాడు. ఇంటికొచ్చినవాళ్లు టైము చూసి, అట్నుంచి అటే మార్కులూ చూసేవారు. పదో తరగతిలో అదే పిల్లాడికి డెబ్బై రెండు వచ్చాయి. కొత్త ఫ్రేము కట్టే తీరిక తండ్రికి లేకపోయింది, పదకొండు అలాగే వేలాడింది. రషీదాను వెంటబెట్టుకుని సంబంధం చూడ్డానికి వెళ్లిన ఆమె తండ్రి కూడా కళ్లజోడు పెట్టుకుని మరీ చదివి, "అబ్బాయికి లెక్కలు రావా?" అని అడిగాడు. ఇరవై ఆరేళ్ల జియా భాయ్ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, పందొమ్మిదో ఎక్కం మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్పాడు. తలుపు వెనక రషీదా నవ్వు ఆపుకోలేక ఆ సంబంధానికి ఒప్పుకుంది.

అన్నీ కలిపి చూసుకుని ఆమె బల్ల కింద నుంచి లేచేసరికి దావీదు ఆటో వైపు తిరిగాడు.

"పర్వలేదు తియ్యి. బస్టాండు కాడ ఇంకో మెషినున్నది, ఆడ చేపిస్త."

జియా భాయ్ ముఖం పాలిపోయింది. ఆయన బొటనవేలు బస్టాండు దాకా అందదు.

"దావీదన్నా, గాడికి పోయి ఏం లాభం?" అంది రషీదా, కీబోర్డు మీద చేతులు పెట్టి. "పొద్దుగాలనే ఫోన్ చేసిండ్రు. గా మెషిన్ గూడ ఖరాబైందంట."

జియా భాయ్ నోరు తెరిచి భార్య వైపు చూశాడు. ఆమె స్క్రీన్ వైపు చూస్తూ, పక్కనున్న ఫోన్‌లో బస్టాండు షాపువాడి నంబర్ వెతుకుతోంది.

"ఊరంత ఒక్కసారే జ్వరమేందో," అని గొణుక్కుంటూ దావీదు స్టూలు మీద కూలబడ్డాడు. జియా భాయ్ చాయ్ చెప్పించి, కాగితం అతని ముందు పరిచాడు.

"ఇందుల ఫెయిల్ అని ఏడ రాసుందో జర చూపియ్యి."

దావీదు పై నుంచి కిందికి చూశాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు. "లేదు."

"మరి ఎవలు చెప్పిండ్రు?"

"ఇరవైకి ఏడొస్తే ఒకలు చెప్పాల్నా?"

"నీ ఆటోను షెడ్డుకు తోల్కపోతే మెకానిక్ ముందుగాల ఏం చేస్తడు?"

"స్టార్ట్ చేసి ఇంజన్ చప్పుడు ఇంటడు."

"ఇని, నీ బండి ఫెయిల్ అంటడా?"

"ఎందుకంటడు? ఏడ పని చెయ్యాల్నో తెల్వాలని ఇంటడు."

"గిది గదే. జూన్ల పెట్టేది టీచర్ ఇనుడు. పిల్ల ఏడున్నది, ఏడికెల్లి మొదలుపెట్టాలె, గంతే. డిసెంబర్ల ఇంకోటి పెడుతరు, ఎంత దూరమొచ్చిందో చూసెతందుకు. ఏప్రిల్‌ల ఆఖరుది. మూడు కాయితాలు పక్కపక్కన పెడితెనే ముచ్చట తెలుస్తది. నీ ఆటో మెదక్‌ల కదలంగనే నిజాంపేట ఏదని ఎవలన్న కొట్లాడుతరా?"

"గివన్ని నీకెట్ల తెలుసు?"

"టీచర్ల గైడు నలభై కాపీలు తీసిన. మన జిరాక్స్ మెషిన్ స్లో కదా, తీసుకుంట మొత్తం చదివిన." జియా భాయ్ వేలు కాగితం మీద పైకి జరిగింది. "నువ్వు కిందున్న నంబర్ చూసినవ్, పైన టీచర్ రాసింది చదవనే లేదు. చూడు. పదాలు చదువుతుంది, వాక్యాలు రావు. కూడికలు వచ్చు, తీసివేతలు రావు. ఇంట్ల ఏం చెయ్యాల్నో ఇందులనే ఉన్నది. ఆటోల ఎనమండుగురు ఎక్కి ముగ్గురు దిగితే ఎంతమంది మిగిలిండ్రని బిడ్డను అడుగు."

బయట యేసమ్మ గట్టిగానే చదివింది. "జియా... జిరాక్స్."

"ఇన్నవా?" అన్నాడు జియా భాయ్. "గీ కాయితం ఒక్క దినం తీసిన జిరాక్స్, దావీదన్నా. ఒరిజినల్ నీ ఆటోల కూసుంది."

దావీదు చాయ్ గ్లాసు ఖాళీ చేసి బల్ల మీద పెట్టాడు. సగం మెత్తబడ్డాడు గానీ పంతం అడ్డొచ్చింది. "సరే, కాయితం నీ కాడనే ఉంచు. డిసెంబర్ల గూడ గిట్లనే ఉంటే తూప్రాన్ హాస్టల్‌ల ఏస్త. ఇగ ఎవలు చెప్పినా ఇన." హాస్టల్ మాట వినగానే యేసమ్మ బోర్డు చదవడం ఆపేసి సీట్లో ముడుచుకుంది.

ఆటో వెళ్లిపోయాక రషీదా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"సునో జీ, ఆ వేలు జర మళ్ల చూపియ్యుండ్రి."

జియా భాయ్ బల్ల సొరుగు లాగాడు. లోపల బిస్కెట్ డబ్బా, డబ్బాలో మెదక్ పిల్లల పరీక్షల కాగితాలు. ఒక్కదానికీ ప్లాస్టిక్ తొడుగు లేదు. ఒక్కొక్కరివి మూడేసి, జూన్‌ది, డిసెంబర్‌ది, ఏప్రిల్‌ది, వరుసగా గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. గోడలకెక్కడానికి వచ్చి జ్వరం పేరుతో ఆగిపోయినవన్నీ అక్కడ భద్రంగా పడుకున్నాయి. రషీదా ఒక్కొక్కటీ తీసి చూసింది. ఆమెకు మొగుడి మీద మస్తు ప్రేమ పుట్టింది, కానీ మోహసిన్ చాయ్‌లు ఇంకా గుర్తున్నాయి కాబట్టి పైకి చెప్పలేదు.

డిసెంబర్ మూడో వారంలో దావీదు మళ్లీ వచ్చాడు. ఈసారి యేసమ్మ కూడా దిగి, తండ్రి వెనక నిలబడింది. జియా భాయ్ డబ్బాలో నుంచి జూన్ కాగితం తీసి కొత్తదాని పక్కన పెట్టాడు. వాక్యాలు చదువుతుంది, తీసివేతలు వచ్చు, గుణకారాలు ఇంకా రావు. ఇరవైకి పదమూడు.

"ఇరవైకి పదమూడేనా?" అన్నాడు దావీదు.

"అన్నా, జూన్ల నువ్వు ఏడేనా అన్నవ్. గిప్పుడు పదమూడేనా అంటున్నవ్. బిడ్డ ఆరు మార్కులు ముందుకొచ్చింది. నువ్వు ఏడున్నవో ఆడనే ఉన్నవ్."

రషీదా కీబోర్డు మీద తల వాల్చి నవ్వింది. దావీదుకు కూడా నవ్వొచ్చింది.

"తీసివేతలు నువ్వే నేర్పినవ్ జియా భాయ్, నా బతుకు పరేషాన్ చేసినవ్. నిన్న పోలీసాయన ముంగట అంటది, నాయనా, ముగ్గురు ఎక్కాల్సిన ఆటోల ఎనమండుగురున్నరు, ఐదుగురు ఎక్కువ అని." అతను కూతురి తల మీద చెయ్యి వేశాడు. "హాస్టల్‌కు పంపుతె నాకు లెక్కలెవలు చెప్తరు? గీ కాయితం మాత్రం ల్యామినేషన్ చెయ్యి. ఆటోల కడుత. ఈసారి సిగ్గుకు కాదు."

బల్ల కింద టక్కుమంది. "మెషిన్‌కు జ్వరం," అన్నాడు జియా భాయ్. "ఏప్రిల్‌ల రా. అప్పటికి ఇది గూడ పాతగైతది."

యేసమ్మ ఎర్ర లైటు కూడా లేని మెషిన్ వైపు జాలిగా చూసింది. "చాచా, ఊకూకె అందరికి నోటితోని చెప్పుడెందుకు? బోర్డు పెట్టు."

రషీదా తెల్ల కాగితం, స్కెచ్ పెన్ ఇచ్చింది. పిల్ల నేల మీద బోర్లా పడుకుని, నాలుక బయటపెట్టి, పావుగంట రాసింది. లేచి గట్టిగా చదివింది.

"మెషిన్ పని చేయడం లేదు. ఏప్రిల్‌లో రండి. ఇట్లు యేసమ్మ, మూడో తరగతి."

రెండు వాక్యాలు, ఎక్కడా ఆగకుండా. దావీదు దగ్గి పక్కకు తిరిగాడు. జియా భాయ్ బొటనవేలు ఎవరి ఆజ్ఞా లేకుండానే కదిలింది. ఎర్ర లైటు వెలిగింది, పచ్చ లైటు వెలిగింది, కాగితం వెచ్చగా, తళతళలాడుతూ బయటికొచ్చింది. అందరూ చదివేలా గడియారం పక్కన తగిలించారు.

మర్నాడు భూమయ్య మనవడి పరీక్ష కాగితం పట్టుకొచ్చాడు. బోర్డు చదివాడు. దగ్గరికెళ్లి దాని మీద గోటితో గీకి చూశాడు.

"మెషిన్ పనిచేస్తలేదని రాసుంది. మరి దీనికి ల్యామినేషన్ ఎవలు చేసిండ్రు?"

"గది ఏప్రిల్‌ల చెప్తం. కాయితం ఆడ పెట్టి కూసోండ్రి భూమయ్యా, చాయ్ తాగుదురు," అంది రషీదా.

బల్ల కింద జియా భాయ్ బొటనవేలు స్విచ్చు కోసం పాకుతూ వెళ్లింది. రషీదా కాలు అప్పటికే దాని మీద ఉంది.