మూలం అనే గడి

ఆ తప్పు పూర్తిగా నాదే. ఫారంలో చోటు చాలలేదని ఒక మాట కొట్టేశాను, అంతే.

అప్పుడు నేను యూనివర్సిటీలో పరిశోధన విద్యార్థిని. మన దేశం గాలిలోకి ఎంత కార్బన్ వదులుతోందో, దాన్ని ఎలా తగ్గించుకుంటుందో ప్రపంచానికి చెప్పుకోవాల్సిన రోజులవి. ఫ్యాక్టరీల లెక్క ఎవరో చూసుకుంటున్నారు. ఇళ్లలో పొయ్యిల లెక్క మా సారు చేతికి వచ్చి, అక్కడి నుంచి నా నెత్తిన పడింది. క్యాంపస్ చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి ఎవరు దేనితో వండుతున్నారో రాయాలి. ఫారం తెలుగులో ఉండాలని పట్టుబట్టింది నేనే. పొగ ఎక్కడి నుంచి పుడుతోందో రాయడానికి ‘ఉద్గార మూలం’ అని ఒక గడి పెట్టాను. అంత మాట గడిలో పట్టలేదు. ‘ఉద్గార’ అంటే ఎవరికి అర్థమవుతుందిలే అని తీసేసి ‘మూలం’ ఒక్కటీ ఉంచాను. నా తెలుగుకు నేనే మురిసిపోయాను కూడా.

సరిగ్గా అప్పుడే తెలంగాణ ఉద్యమం క్యాంపస్‌ను ఊపేస్తోంది. మేముండే తార్నాకలో రోజు విడిచి రోజు బంద్. మా నాన్న గవర్నమెంటు ఉద్యోగం మీద అనంతపురం నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. నేను పుట్టింది తార్నాకలోనే కానీ, మా ఇంట్లో మాట మాత్రం అనంతపురానిదే. ‘ఉంది’ అనాల్సిన చోట నా నోట ‘ఉండాది’ అని జారుతుంది. నన్ను అప్పటిదాకా ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా భయం.

“బయట నోరు తెరవాకు పాపా,” అనేది అమ్మ, నేను చెప్పులు వేసుకుంటుంటే. “తలకాయ ఊపు, చాలు.”

నోరు తెరవకుండా సర్వే ఎలా చేస్తారో అమ్మే చెప్పాలి.

మొదటి దెబ్బ మా వీధిలోనే తగిలింది. కోస్తా నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఫారం చూడగానే మొహం మాడ్చుకున్నాడు. “మా మూలం మీకెందుకండీ? ఎవరు రాయమన్నారు?” పొయ్యి గురించి అని చెప్పేలోపే తలుపు వేసేశాడు. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి. చాదస్తపు మనిషి అనుకుని ముందుకు పోయాను.

క్యాంపస్ పక్క బస్తీ మాణికేశ్వర్ నగర్‌లో ఆ గొడవ లేదు. ఒకావిడ ఇంటి ముందు కట్టెల పొయ్యి ఊదుతూ కళ్లు తుడుచుకుంటోంది. “బందులకు గ్యాస్ బండ వస్తలేదు బిడ్డా. ఏం జెయ్యాలె, మళ్ల కట్టెలే.” దేశం తగ్గిస్తానన్న పొగ ఆ వీధిలో పెరుగుతోంది. ఆవిడ ఇచ్చిన టీ తాగి, అమ్మ చెప్పినట్టే తలకాయ ఊపి, గడిలో ‘కట్టెలు’ అని రాసుకున్నాను.

తిరిగి క్యాంపస్‌లోకి వస్తుంటే దారిలో టైర్లు కాలుతున్నాయి. పొద్దున పేలిన టియర్ గ్యాస్ ఘాటు ఇంకా పోలేదు. నలుగురైదుగురు విద్యార్థులు నన్ను ఆపారు. ఒకతను నా చేతిలోని ఫారాలు తీసుకుని పైన ఉన్నవి చదివాడు. ఇంటి యజమాని పేరు, ఎంతమంది, మూలం.

“ఇదేంది? ఎవలు ఏడికెల్లి వచ్చిండ్రో రాస్తున్నవా? ఎవలు పంపిండ్రు నిన్ను?”

నేను పెట్టిన గడి నాకు అప్పుడు అర్థమైంది. పెద్దాయన తలుపు ఎందుకు వేశాడో కూడా. వివరించాలంటే నోరు తెరవాలి, తెరిస్తే అనంతపురం బయటపడుతుంది. వేలితో కింది గడులు చూపించాను.

“కట్టెలు. కిరోసిన్. కట్టెలు. కట్టెలు,” అని చదివాడతను.

“అరే, పొయ్యిల ముచ్చటరా!” అని పక్కవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు.

“పొయ్యి పొగ రాస్తున్నవ్, మంచిదే. పొద్దున మా మీద కొట్టిన గ్యాస్ ఏ గడిల రాస్తవక్కా?”

అలాంటి గడి నేను పెట్టలేదు. అతను ఫారాలు సర్ది నా చేతిలో పెడుతూ, మెత్తగానే అడిగాడు.

“ఇంతకీ నీ మూలం ఏందక్కా?”

“గ్యాస్,” అన్నాను.

ఈసారి అతనూ పగలబడి నవ్వాడు. “టైర్ల పొగ అటు కొడుతున్నది, గిట్లకెల్లి పో,” అని పక్కదారి చూపించాడు. నేను దాదాపు పరుగెత్తాను.

జరిగింది చెబితే అమ్మ, “బాగా చెప్పినావు పాపా,” అని మెచ్చుకుంది. ప్రతి ఫారంలో ‘మూలం’ ముందు ‘పొగ’ అని చేత్తో రాసుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

“అడిగిన పిల్లోడు మంచోడేనా?”

“మంచోడే నాన్నా. దారి కూడా చూపించినాడు.”

“మరి ఊరి పేరు చెప్పింటే ఏమయ్యేది?”

“తెలీదు నాన్నా,” అన్నాను. ఆ అబ్బాయికి చెప్పి చూడలేదు కాబట్టి, ఇప్పటికీ తెలియదు.