ఏడు నిమిషాలు ముందుకు దూకిన గేటు కంప్యూటర్

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక జూలైలో జరిగిన సంగతి ఇది. అప్పుడు సూరత్ దగ్గర హజీరాలో, ఒక ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్యూటీ మేనేజర్‌ని. కొలిచే పరికరాలన్నీ మా బాధ్యత. గేటు దగ్గర హాజరు వేసే కంప్యూటర్ కూడా మా నెత్తినే ఉండేది.

ఒక ఉదయం ఓదెలు నా గదికి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, కాంట్రాక్టు ఫిట్టర్, బమ్రోలి నుంచి కంపెనీ బస్సులో వస్తాడు.

“సార్, నేను ఏడు గాకముందే దిగుతున్న. గేటుకాడి గా డబ్బ లేటని రాస్తున్నది. రెండు లేట్లు పడ్డయి. మూడోది పడితే గేటు పాసు గుంజుకుంటరు. జర చూడుండ్రి,” అన్నాడు.

వెళ్లి చూస్తే గడియారం సెకనుతో సహా సరిగ్గా ఉంది. ఆ కంప్యూటర్ గంటకోసారి టైమ్ సర్వర్‌ను, అంటే ఫ్యాక్టరీ అంతటికీ సమయం చెప్పే యంత్రాన్ని, అడిగి తనను తాను సరిచేసుకుంటుంది. అయినా బ్యాటరీ మార్పించాను, కేబుల్ మార్పించాను. మర్నాడు బమ్రోలి బస్సు మొత్తానికి లేటు పడింది. ఓదెలు భయపడి ఆ రోజు సెలవు పెట్టాడట. అది విని నాకు బాధేసింది.

అప్పుడు లాగ్ తెరిచాను. అందులో కంప్యూటర్ తన పనులన్నీ నమోదు చేసుకుంటుంది. రోజూ ఆరున్నరకు గడియారం ఏడు నిమిషాలు ముందుకు దూకుతోంది, ఏడుంపావుకు తనే దారికొస్తోంది. నేను పదింటికి వెళ్లి చూస్తే ఏం దొరుకుతుంది, నా మొహం!

మూడో రోజు ఆరింటికే గేటు దగ్గర కూర్చున్నాను. ఆరున్నరకు కామ్‌రేజ్ బస్సు, అన్నిటికన్నా మొదటిది, వచ్చింది. ఆ వారమే చేరిన గార్డు అర్జున్‌భాయ్ బస్సెక్కి, డ్రైవర్ ముందున్న గడియారం చూసొచ్చి, కంప్యూటర్‌లో టైము మార్చాడు. జనం పరుగెత్తుకొచ్చి ఎక్కాలని మా డ్రైవర్లు ఆ గడియారాన్ని ముందుకు తిప్పి పెట్టుకుంటారు.

గట్టిగా కేకలేశాను. ఆయన తొణకలేదు. గోడ మీద ఆర్డర్ ఉందని, దాని ప్రకారమే చేస్తున్నానని హిందీలో చెప్పి చూపించాడు. గేటు గడియారాన్ని రోజూ మొదటి బస్సు గడియారంతో సరిచూడాలని టైమ్ సర్వర్ రాకముందు ఇచ్చిన ఆదేశం అది. పాత గార్డులు ఎప్పుడో పట్టించుకోవడం మానేశారు. కింద సంతకం నాదే.

సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఆ వారం లేట్లన్నీ రద్దు చేయమని హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసుకు రాసి, కారణం దగ్గర నా పేరే పెట్టాను.

“గట్లయితే గా రెండు లేట్లు మీకు రాయాలె సార్!” అని ఓదెలు పగలబడి నవ్వాడు.

ఆ తర్వాత ఏ కొత్త పద్ధతి పెట్టినా, పాతదాన్ని రద్దు చేస్తున్నట్టు రాసి సంతకం పెట్టాకే ఆ పని పూర్తయిందనుకునేవాణ్ని.